మా పామేరియన్ కుక్కకి స్టెంట్ వేయించాలా? గాలిగొట్టం ఆపరేషన్ గురించి తేల్చుకున్న తీరు

మా కుక్క చింటూ దగ్గుకు తీసిన మొదటి ఎక్స్‌రేలో మెడే లేదు. గుండె వచ్చింది, ఊపిరితిత్తులు వచ్చాయి, పొట్ట కూడా సగం వచ్చింది. మెడ దగ్గరికొచ్చేసరికి ఫిల్మ్ అయిపోయింది. దాన్నే చూసి బ్రాంకైటిస్ అన్నారు, పది రోజులకు యాంటీబయాటిక్ రాశారు. నెల గడిచాక ఇంకోచోట పక్కకు పడుకోబెట్టి, దవడ కింది నుంచి డయాఫ్రం దాకా వచ్చేలా రెండు ప్లేట్లు తీశారు. ఒకటి గాలి పీల్చినప్పుడు, ఇంకోటి వదిలినప్పుడు. మొదటి దాంట్లో గాలిగొట్టం మెడ దగ్గర కాస్త సన్నగా కనిపించింది. రెండో దాంట్లో, మెడ ఛాతీలోకి దిగేచోట, ఆ నల్లటి పట్టీ దాదాపు గీతైపోయింది. ట్రేకియల్ కొలాప్స్ అన్నారు, అంటే గాలిగొట్టం మెత్తబడి ముడుచుకుపోవడం.

చింటూకి అప్పటికి ఏడేళ్లు, బరువు 5.8 కిలోలు. ఇల్లు హన్మకొండ. ఆపరేషన్, అంటే గాలిగొట్టం తెరుచుకుని ఉండేలా లోపల స్టెంట్ అనే జాలీ గొట్టం పెట్టించడం, చేయించాలా వద్దా అన్న ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు తిప్పింది. చివరికి పనికొచ్చింది వేరే ప్రశ్న: ఏం జరిగితే చేయించాలి? ఆ ప్రశ్న దాకా రావడానికి తెలుసుకోవాల్సి వచ్చినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మందుల మోతాదులు మా కుక్క బరువుకు డాక్టర్ రాసినవి, వాటిని అట్లే ఎత్తి ఇంకో కుక్కకు వేయొద్దు.

ఇక్కడ పామేరియన్ అని అమ్మేవాటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్. అసలు పామ్ మూడు, మూడున్నర కిలోలు దాటదు. స్పిట్జ్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. "పామ్‌కి ఇంత బరువు ఉండాలి" అని ఇంటర్నెట్‌లో చూసి మన స్పిట్జ్‌ను ఎండగట్టొద్దు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. అదే కొలత.

దగ్గు సంగతి. ఇంగ్లీషులో దీన్ని పెద్దబాతు (గూస్) అరుపుతో పోలుస్తారు. మాకైతే పాత స్కూటర్ హారన్ లాగా వినిపించేది, రెండు మూడుసార్లు పీఁ పీఁ అని, చివర్లో ఏదో కక్కబోతున్నట్టు ఓకరింత. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "గొంతుల బొక్క (ఎముక) ఇరికినట్టున్నది, అరటిపండు మింగియ్యిండ్రి." ఆ పని మాత్రం చేయకండి. గాలి ఆడని కుక్క నోట్లో బలవంతంగా ఏది పెట్టినా, నీళ్లతో సహా, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పశువుల దవాఖానకు తీసుకెళ్లగానే దగ్గు ఆగిపోతుంది, భయానికి. అందుకే ఫోన్లో వీడియో ఉండాలి. కుక్క పక్కనుంచి, ఛాతీ కదలిక కనపడేలా, టీవీ ఆపేసి, కనీసం ఒక నిమిషం. మాకు రెండో డాక్టర్ ఎక్స్‌రే కంటే ముందు వీడియోనే చూశారు. శబ్దం గాలి పీల్చేటప్పుడు వస్తోందా, వదిలేటప్పుడా అని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు.

ఎందుకంటే జబ్బు ఎక్కడుందో అది చెబుతుంది. గాలిగొట్టంలో నలభై దాకా మృదులాస్థి రింగులుంటాయి. పూర్తి రింగులు కావు, ఒకచోట విరిగిన గాజు లాంటివి. ఆ ఖాళీ వెన్నెముక వైపు ఉంటుంది, దాన్ని ఒక పల్చటి పొర, కండరం కలిపి మూస్తాయి. ఈ చిన్న జాతుల్లో రింగులు వయసుతో నీటిని పట్టి ఉంచే గుణం కోల్పోయి మెత్తబడతాయి. గాజు వెడల్పుగా సాగిపోతుంది, పై పొర వదులై లోపలికి వేలాడుతుంది. గాలి పీల్చేటప్పుడు మెడ భాగం లోపలికి లాగబడుతుంది. వదిలేటప్పుడు, దగ్గేటప్పుడు ఛాతీలోని భాగం నొక్కుకుపోతుంది. దారి పావు వంతు మూసుకుపోతే గ్రేడ్ 1, సగం అయితే 2, ముప్పావు అయితే 3, పూర్తిగా అతుక్కుంటే 4. నొక్కుకున్న పొరలు రాసుకుని వాస్తాయి, వాపుకు దగ్గు, దగ్గుకు మళ్లీ వాపు. మందులన్నీ ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపడానికే. మెత్తబడ్డ రింగును గట్టిపరిచే పని వాటిది కాదు.

ఇదే దగ్గు గుండె పెద్దదైనా వస్తుంది. ఎడమ పై గది ఉబ్బి పైనున్న ఎడమ బ్రాంకస్‌ను, అంటే గాలిగొట్టం ఎడమ చీలికను, నొక్కితే శబ్దం ఇంచుమించు ఇట్లనే ఉంటుంది. చిన్న జాతుల్లో ఈ వయసుకు రెండూ కలిసి ఉండడం మామూలే. స్టెతస్కోప్‌లో మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినపడితే ఎకో (గుండె స్కానింగ్) తీయించకుండా ముందుకు పోవద్దు. గుండె బాగానే ఉన్న కుక్కకు ఒంట్లో నీరు తీసే మాత్రలు మొదలుపెడితే కఫం చిక్కబడి దగ్గు ఇంకా ముదురుతుంది.

ఆపరేషన్ చేసే సర్జన్‌ను మొదటిసారి కలిసినప్పుడు ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే: "మందులు ఎన్ని రోజులు, ఎట్ల వాడిండ్రు?" మేము మాత్రల పేర్లు చెప్పాం. ఆయన "అది కాదు, బరువెంత తగ్గింది?" అన్నారు. తగ్గలేదు, పెరిగింది. స్టెరాయిడ్ పడ్డాక ఆకలి పెరిగి 5.8 కాస్తా 6.1 అయింది. "అయితే మీరింక వైద్యం మొదలుపెట్టనట్టే" అని పంపించేశారు. అప్పుడు కోపం వచ్చింది కానీ లెక్క ఆయన వైపే ఉంది. 1994లో బ్రిటన్‌లో ఈ జబ్బున్న వంద కుక్కల రికార్డులు చూసినప్పుడు, ఆపరేషన్ లేకుండా మందులతో, బరువు తగ్గింపుతో డెబ్బై పైచిలుకు కుక్కలు ఏడాదికి మించి నెట్టుకొచ్చినట్టు తేలింది. మిగతా ముప్పైలో మన కుక్క ఉందని తేలాలంటే ముందు ఆ డెబ్బైకి చేసినవన్నీ చేసి ఉండాలి.

బరువు లెక్క ఇట్లా వేశాం. చింటూ ఉండాల్సిన బరువు 4.5 కిలోలు అని డాక్టర్ చెప్పారు. ఆ బరువుకు, ఇప్పుడున్న బరువుకు కాదు, విశ్రాంతిలో రోజుకు కావాల్సింది దాదాపు 215 కేలరీలు. మేం పెట్టే డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద వంద గ్రాములకు 350 అని ఉంది. అంటే రోజంతటికీ 60 గ్రాములు. కప్పుతో కొలిస్తే ప్రతిసారీ పది గ్రాములు అటూ ఇటూ అవుతుంది, ఈ బరువు కుక్కకు పది గ్రాములంటే రోజు తిండిలో ఆరో వంతు. వంటింటి డిజిటల్ కాంటా మీద పొద్దున్నే 60 గ్రాములు తూచి డబ్బాలో పోసి, రోజంతా అందులోంచే పెట్టాలి. బిస్కెట్ ఇస్తే అంత ఫుడ్ తీసేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు తినేటప్పుడు చేతి కింద పెట్టే చపాతీ ముక్క, పెరుగన్నం ముద్ద, వీటి దగ్గరే అందరి లెక్కా తప్పుతుంది. మా ఇంట్లో కీరా, ఉడికించిన బీన్స్ ముక్కలు వేరే గిన్నెలో పెట్టి, ఎవరికి జాలేసినా అందులోంచే తీయాలని ఒప్పందం. బరువు చూడ్డానికి ఇంట్లో మనం ఎక్కే మెషిన్ పనికిరాదు, అరకిలో తేడా చూపిస్తుంది. వారానికోసారి వీధి చివర కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా మీద ప్లాస్టిక్ తొట్టి పెట్టి, దాని బరువు తీసేసి, చింటూని కూర్చోబెట్టేవాళ్లం. కొట్టాయన పొద్దున షట్టర్ తీయగానే అయితే ఏమనేవాడు కాదు. వారానికి బరువులో నూటికి ఒకటి, మహా అయితే రెండు వంతులు తగ్గాలి, అంటే 60 నుంచి 120 గ్రాములు. 4.6కి రావడానికి ఐదు నెలలకు పైనే పట్టింది. దగ్గు సగానికి సగం తగ్గింది 5.2 దగ్గరే.

మెడ బెల్టు ఆ రోజే తీసేయాలి. ఛాతీకి వేసే హార్నెస్ కొనేటప్పుడు చూడాల్సింది, ముందు పట్టీ గొంతు మీదికి జారకుండా రొమ్ము ఎముక మీద కూర్చోవాలి. దగ్గు మందుల్లో బెల్టు తీసేయడం ఒక్కటే ఉచితం.

పొగ, ఘాటు. వంటింట్లో పోపు పెట్టినప్పుడల్లా దగ్గు వస్తోందని మాకు ఏడేళ్లూ తెలుసు, దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఎండుమిర్చి మాడితే మనమే దగ్గుతాం కదా అనుకున్నాం. దోమల చక్రం, సాంబ్రాణి, అగరుబత్తి, ఇంటి ముందు చెత్త తగలబెట్టడం, దీపావళి వారం, అన్నీ అదే ఖాతా. వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు ఉండేవాళ్లకు మిర్చి సీజన్‌లో గాలిలోనే ఘాటుంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ వైపు వాకింగ్ మానేయడం ఒక మందు కిందే లెక్క. ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజు కుక్కను ఇంకో ఇంట్లో ఉంచండి.

ఇక మందులు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, ఆ తర్వాత రోజుకోసారి ఐదు రోజులు, ఆ తర్వాత రోజు విడిచి రోజు ఐదు మాత్రలు. అంతే, వాపు దించడానికి. నెలల తరబడి వాడితే ఆకలి, దాహం, కొవ్వు, ఇన్‌ఫెక్షన్లు. దగ్గు ఆపడానికి విదేశీ వ్యాసాల్లో అందరూ రాసే హైడ్రోకోడోన్ మా మెడికల్ షాపుల్లో ఎక్కడా దొరకలేదు. మాకు రాసింది డైఫెనాక్సిలేట్, అట్రోపిన్ కలిసిన మాత్ర, మనుషులకు విరేచనాలు ఆపడానికి వాడేదే. 2.5 మిల్లీగ్రాముల మాత్రలో సగం, రోజుకు రెండుసార్లు. మలబద్ధకం వస్తుంది, రెండు రోజులు దొడ్డికి పోకపోతే డాక్టర్‌కు చెప్పాలి. మనుషుల దగ్గు సిరప్ పోయొద్దు. వాటిల్లో పారాసెటమాల్, సూడోఎఫెడ్రిన్, తీపికోసం జైలిటాల్ ఉండొచ్చు, మూడూ కుక్కకు ప్రమాదమే.

థియోఫిలిన్ గొట్టం లోపలి చిన్న శాఖలను తెరుస్తుంది, పెద్ద గొట్టానికి ఏమీ చేయదు. బ్రాంకైటిస్ కూడా ఉన్న కుక్కల్లో ఉపయోగం. దీంతో ఒక చిక్కుంది. మన దగ్గర ఏ జ్వరానికైనా ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాసే అలవాటు ఎక్కువ. ఆ రెండూ కలిస్తే థియోఫిలిన్ ఒంట్లోంచి బయటికి పోక పేరుకుంటుంది. కుక్క రాత్రంతా నిలకడ లేకుండా తిరగడం, వాంతి, గుండె దడ. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే పాత చీటీ ముందు పెట్టండి.

మాకు ఎక్కువ పనిచేసింది ఇన్‌హేలర్. ఫ్లూటికసోన్ 125 అనే పీల్చే స్టెరాయిడ్, పసిపిల్లల స్పేసర్ (పఫ్ మందును పట్టి ఉంచే గొట్టం), దానికి మాస్క్, పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్. నోటి మాత్రలా ఒళ్లంతా పాకదు కాబట్టి ఆకలి అంతగా పెంచదు. కానీ పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది, చాలామంది నాలుగో రోజుకే "ఏం లాభంలేదు" అని వదిలేస్తారు. మాస్క్ అలవాటు చేయడం వేరే చదువు. మొదటి మూడు రోజులు ఉత్త మాస్క్ నేల మీద పెట్టి దాంట్లో కీరా ముక్క. తర్వాత మూడు రోజులు మూతికి ఆనించి మూడు లెక్కపెట్టి తీసేయడం. తర్వాత స్పేసర్ తగిలించి. పఫ్ కొట్టే చప్పుడుకు బెదురుతాడు కాబట్టి ఆ చప్పుడు దూరంగా వినిపించి ముక్క పెట్టడం. పదో రోజుకు పఫ్ కొట్టి, ఎనిమిది నుంచి పది శ్వాసలు లెక్కపెట్టేదాకా కూర్చున్నాడు. ఆ పొడవైన జుట్టు మాస్క్ అంచు కింద పడితే గాలి పక్కనుంచి పోతుంది. మూతి చుట్టూ కత్తిరించాలి, లేదా వేలితో తడిచేసి అదమాలి.

ఇప్పుడు ఆపరేషన్. రెండు రకాలు. మెడ భాగం మాత్రమే మెత్తబడితే, మెడ కోసి గొట్టం చుట్టూ బయటినుంచి ప్లాస్టిక్ రింగులు పెట్టి కుట్టేస్తారు. ఒకప్పుడు సర్జన్లు ఈ రింగుల్ని సిరంజి గొట్టాల్ని కోసి తయారు చేసుకునేవారు. గొట్టానికి పక్కన అంటిపెట్టుకుని స్వరపేటిక నరం పోతుంది, అది దెబ్బతింటే గొంతు తెరుచుకోదు, కుక్కకు అప్పటికప్పుడే శ్వాస ఆడదు. గొట్టానికి రక్తం పక్కల నుంచి చిన్నచిన్న నాళాల్లో వస్తుంది, ఎక్కువ దూరం విడదీస్తే ఆ ముక్క చచ్చిపోతుంది. ఛాతీలోని భాగానికి ఈ పద్ధతి కుదరదు.

అక్కడికి స్టెంట్. నిటినాల్ అనే నికెల్, టైటానియం మిశ్రమ తీగతో అల్లిన జాలీ గొట్టం. సన్నగా మడిచి నోటిలోంచి దింపి, సీ-ఆర్మ్ అనే లైవ్ ఎక్స్‌రే తెర మీద చూస్తూ వదిలితే దానంతటదే విచ్చుకుంటుంది. కోత లేదు, కుట్లు లేవు, అంతా సజావుగా పోతే చేసే పని గంటలోపే. "చిన్న పని" అని ఎవరైనా అన్నది ఇందుకే. చిన్నది పెట్టడం వరకే. ఒకసారి పెట్టాక తీయడం దాదాపు కుదరదు.

స్టెంట్ తేడా చేసేది ఎక్కువగా సైజు దగ్గర. కుక్క మత్తులో ఉండగా 20 సెంటీమీటర్ల నీటి పీడనంతో గాలి నింపి, గొట్టం గరిష్ఠంగా ఎంత విచ్చుకుంటుందో కొలవాలి. ఎక్స్‌రేలో అన్నీ ఉన్నదానికంటే పెద్దగా కనపడతాయి కాబట్టి, అన్నవాహికలోకి సెంటీమీటర్ గుర్తులున్న క్యాథెటర్ దించి దాంతో పోల్చి లెక్క సరిచేస్తారు. వచ్చిన వ్యాసానికి నూటికి పది నుంచి ఇరవై వంతులు పెద్ద స్టెంట్ తీసుకుంటారు. పొడవు, పైన స్వరపేటిక కింది మృదులాస్థికి ఒక సెంటీమీటర్ దిగువ నుంచి, కింద గొట్టం రెండుగా చీలేచోటికి ఒక సెంటీమీటర్ ఎగువ దాకా. సన్నదైతే జారిపోతుంది. మరీ లావైతే గోడను ఒరుసుకుని లోపల కండ పెరుగుతుంది. అల్లిన జాలీ కాబట్టి వెడల్పు పూర్తిగా విచ్చుకుంటే పొడవు తగ్గుతుంది, విచ్చుకోకపోతే పొడవు మిగిలి స్వరపేటికను తగులుతుంది.

పెట్టాక ఏం చెడుతుంది? గొట్టం లోపలి గోడ మీద కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు ఉంటుంది. జాలీ ఉన్నంత మేర అది సరిగ్గా పనిచేయదు, కఫం నిలుస్తుంది. మామూలు సెలైన్ నెబ్యులైజర్ పెట్టాల్సి రావచ్చు. మొదటి మూడు నాలుగు వారాలు దగ్గు ఉండితీరుతుంది. ప్రతి దగ్గుకూ తీగ వంగుతుంది. ఇనప తీగను పదేపదే వంచితే ఏమవుతుందో అదే దీనికీ అవుతుంది, ముఖ్యంగా మెడ ఛాతీలోకి మలుపు తిరిగేచోట. విరిగిన తీగ గోడలో గుచ్చుకుంటుంది, అప్పుడు దాంట్లోనే ఇంకో స్టెంట్. కాబట్టి స్టెంట్ పెట్టించుకున్న కుక్కకు దగ్గు మందు బతికున్నంత కాలం. మందులు మానేయొచ్చని ఆపరేషన్‌కు ఒప్పుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఎక్స్‌రే ఒక నెలకు, మూడు నెలలకు, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి.

ఇంకో మాట ఎవరూ తమంతట తాము చెప్పరు. స్టెంట్ పెద్ద గొట్టం వరకే. దాని కింద రెండుగా చీలిన బ్రాంకస్‌లు కూడా మెత్తబడి ఉంటే, చాలా కుక్కల్లో ఉంటాయి, వాటికి చేయగలిగింది లేదు. దగ్గు అక్కడినుంచి వస్తూనే ఉంటుంది, ఆ దగ్గుకు పైన పెట్టిన స్టెంట్ అలసిపోతుంది. ఎక్స్‌రేలో బ్రాంకస్ సంగతి సరిగ్గా తెలియదు. బ్రాంకోస్కోప్, అంటే గొట్టంలోకి దింపే సన్నటి కెమెరా, వేయాలి. దానికి మత్తు ఇవ్వాలి. ఈ కుక్కకు మత్తులో కంటే మత్తు దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ. శ్వాస ట్యూబ్ తీయగానే బెదిరి, గసబెట్టి, వాచిన గొట్టం మూసుకుపోవచ్చు. అంటే ఆపరేషన్ అవసరమో కాదో తెలుసుకోవడానికే ఆపరేషన్‌లోని పెద్ద ప్రమాదాన్ని ఒకసారి ఎదుర్కోవాలి. ఇక్కడ మేము చాలా తటపటాయించాం.

ఒప్పుకోవడానికి కారణం, ఆ ఒక్క మత్తులోనే స్టెంట్ కొలతలు కూడా తీసి పెడతామనడం. స్టెంట్ అన్ని సైజుల్లో అలమారాలో ఉండదు, కొలత తెలిశాక తెప్పించాలన్నారు. కుక్క నీలంగా మారిన రోజు కొలత తీసి, ఆర్డర్ పెట్టి, వచ్చేదాకా ట్యూబ్ మీద ఉంచడం కంటే, సైజు ముందే చీటీ మీద ఉంటే ఆ రోజులు మిగులుతాయి. పెట్టే రోజు మళ్లీ కొలుస్తారు, అది వేరే.

ఎక్కడ అన్నది. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. మొదట ఈ రెండుచోట్లా మాట్లాడి, సీ-ఆర్మ్, చిన్న కుక్కకు పట్టే సన్నటి స్కోప్, రాత్రి ఆక్సిజన్ ఈ మూడూ ఒకేచోట ఎక్కడున్నాయో కనుక్కుని అక్కడికి పోవడం మంచిది. ఏ ఆస్పత్రికైనా వేయాల్సిన ప్రశ్నలు: ఇప్పటిదాకా ఇట్లాంటివి ఎన్ని పెట్టారు, అందులో ఎన్ని విరిగాయి? మత్తు చూసుకోవడానికి సర్జన్ కాక వేరే మనిషి ఉంటారా? రాత్రి రెండింటికి కుక్క పక్కన ఎవరుంటారు? చివరి దానికి "వాచ్‌మన్" అని జవాబొచ్చిన చోటినుంచి లేచి వచ్చేశాం. ఖర్చు ఒకే అంకెగా చెబితే ఒప్పుకోవద్దు. స్టెంట్, మత్తు, సీ-ఆర్మ్, ఉంచుకునే రోజులు, తర్వాతి ఎక్స్‌రేలు విడివిడిగా రాయించుకోవాలి. మాకిచ్చిన అంచనాలో సగానికి పైగా స్టెంట్ ఒక్కదానిదే, తర్వాతి ఎక్స్‌రేలు అందులో లేనే లేవు.

స్కోప్‌కు జనవరి పెట్టుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం అనవసరం. వరంగల్ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. రైల్లో అయితే కుక్కను మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదై ఉండాలి. లేకపోతే గార్డు బోగీలోని డాగ్ బాక్స్, ఈ జబ్బున్న కుక్కను అందులో పెట్టడం అంటే చంపడమే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం, ముందురోజు రాత్రి ఎనిమిదికి తిండి బంద్. రక్తపరీక్షలు (కిడ్నీకి క్రియాటినిన్, కాలేయానికి ఏఎల్‌టీ), ఎకో ముందే అయ్యాయి. ఏఎల్‌టీ కొంచెం ఎక్కువే వచ్చింది, ఈ జబ్బు కుక్కల్లో అది అరుదేం కాదన్నారు. టేబుల్ మీదికి తీసుకెళ్లేముందు ఐదు నిమిషాలు మాస్క్‌తో ఆక్సిజన్ ఇచ్చారు. ఇన్‌హేలర్ మాస్క్ అలవాటు అక్కడ పనికొచ్చింది, పెనుగులాట లేదు. లేపేటప్పుడు పూర్తిగా తల ఎత్తి ట్యూబ్ కొరికేదాకా తీయలేదు, తీశాక కూడా మగతగానే ఉంచారు.

స్కోప్‌లో తేలింది: మెడలో గ్రేడ్ 2, ఛాతీలోకి దిగేచోట 3, ఎడమ బ్రాంకస్ గాలి వదిలేటప్పుడు సగానికి ముడుచుకుంటోంది. గరిష్ఠ వ్యాసం 9.2 మిల్లీమీటర్లు. అప్పటికి బరువు 4.6 కిలోలు, రోజుకు దగ్గు నాలుగైదు సార్లు. సర్జన్ ఇప్పుడు పెట్టనన్నారు. బ్రాంకస్ దగ్గు ఆగదు కాబట్టి స్టెంట్ మీద రోజూ దెబ్బ పడుతుంది, ఇప్పుడు మందులతో నడుస్తున్నదాన్ని తీసుకెళ్లి ఆ గడియారం మొదలుపెట్టడం దేనికి అన్నారు.

అప్పుడు నోట్‌బుక్‌లో షరతులు రాసుకున్నాం, ఆయన ముందే. బరువు 4.7 లోపు ఉండి, మందులన్నీ పడుతూ, విశ్రాంతిగా ఉన్నప్పుడు చిగుళ్లు ఒక్కసారి నీలంగా మారినా. పడుకోలేక మెడ చాచి కూర్చుని వరుసగా రెండు రాత్రులు గడిపినా. ఒకే నెలలో రెండుసార్లు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినా. ఈ మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా స్టెంట్. న్యుమోనియా ఉన్నా, ఇంట్లో రోజుకు రెండుపూటలా మందు వేసే మనిషి లేకపోయినా వద్దు. కుక్క ఆయాసపడుతుంటే ఎవరి బుర్రా పనిచేయదు, ఇంట్లో ఒకరు పదండంటారు, ఇంకొకరు తగ్గుతుందిలే అంటారు. తీరిగ్గా ఉన్నప్పుడు రాసిన కాగితం ఆ సమయంలో అక్కరకొస్తుంది. దాంతోపాటు రోజూ రాత్రి గాఢనిద్రలో శ్వాసలు 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేసి రాస్తాం. నిమిషానికి 30 దాటకూడదు. చింటూది 20, 22.

ఇంట్లో ఉండాల్సినవి: కరోనా రోజుల్లో కొన్న ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఎవరి అటక మీదో ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కుక్కను పెట్టి గొట్టం వదలొచ్చు కానీ మూత పూర్తిగా వేయొద్దు, వేడి, వదిలిన గాలి లోపలే నిలుస్తాయి. నాలుగింట మూడొంతులు మూస్తే చాలు. కుక్క వేడెక్కి ఆయాసపడితే, ఐస్ నీళ్లు కాకుండా మామూలు నీళ్లతో పొట్ట, తొడలు, పాదాలు తడిపి ఫ్యాన్ కింద ఉంచాలి. తర్వాత కారు ఏసీ వేసి చల్లబడ్డాకే ఎక్కించాలి. అర్ధరాత్రి వచ్చి మగతకు ఇంజెక్షన్ ఇవ్వగల డాక్టర్ ఒకరు ముందే మాటిచ్చి ఉండాలి. శ్వాస ఆడక వచ్చే భయం శ్వాసను ఇంకా బిగిస్తుంది, సగం కుక్కలు ఆ ఇంజెక్షన్‌కే తేరుకుంటాయన్నారు మా డాక్టర్.

మే నెలలో ఒక రాత్రి ఆయన రావాల్సి వచ్చింది. పగలు 44 డిగ్రీలు, రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది, గంటలో గది కుంపటైంది. చింటూ చిగుళ్లు వంకాయ రంగుకు వచ్చాయి. కరెంటు లేక కాన్సంట్రేటర్ కూడా ఆడలేదు. తడిపి, కారులో ఏసీ వేసి కూర్చోబెట్టి, ఇంజెక్షన్ పడ్డాక రెండు గంటలకు గులాబీ రంగు వచ్చింది. తెల్లారి మొదటి షరతు మీద ఇంట్లో వాదన. నీలం వచ్చింది కదా అని ఒకరు, విశ్రాంతిగా లేడు కదా, ఉడికిపోయాడు కదా అని ఇంకొకరు. సర్జన్‌కు ఫోన్ చేస్తే పూర్తిగా విని, "ఇంట్ల ఇన్వర్టర్ లేదా?" అన్నారు.

స్టెంట్ కోసం పక్కన పెట్టిన డబ్బులోంచి కొంత దానికి పోయింది. ఏసీని లాగదు, కూలర్‌ని, కాన్సంట్రేటర్‌ని లాగుతుంది. వానలు పడ్డాక కూలర్ గదిలో తేమ పెంచుతుంది, ఆ తేమలో కుక్క గసపెట్టినా ఒళ్లు చల్లబడదు, అప్పుడు ఉత్త ఫ్యానే. మొదటి షరతు పక్కన ఆ రోజు తేదీ వేసి పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టాం. అదింకా అట్లే ఉంది. బరువు నిన్న 4.6.